ఆరు పచ్చసొనలు

“రెండు వందల తొంభై నాలుగు,” అంది రొట్టెల దుకాణం ఫిలొమెన్, చేతులకంటిన పిండి దులుపుకోకుండానే. “ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు.”

ఇన్‌స్పెక్టర్ క్లోవిస్ బరేర్ చేతిలో పెన్సిలు ఆగిపోయింది. దుకాణం గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. సరిగ్గా పన్నెండు గంటలకు ఫోన్‌బ్రెద్ వైన్ ఎస్టేట్ నుంచి పోలీసు వ్యాను బయల్దేరుతుంది. అందులో ఎలాదియో ఉంటాడు, చేతులకు సంకెళ్ళతో. ఎస్టేట్ మేనేజరు గాస్పార్ సెగ్లాను కొయ్యసుత్తితో కొట్టి చంపాడని అతని మీద ఆరోపణ. ఒకసారి ఆ వ్యాను బోర్దో చేరి, కాగితాలు మేజిస్ట్రేటు బల్లమీద పడ్డాయంటే ఇక వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. దిక్కూ మొక్కూ లేని స్పెయిన్ కూలివాడి తల కోసం గిలటిన్ ఎంతోకాలం ఎదురుచూడదు.

“ఎలా అంత కచ్చితంగా చెబుతున్నారు మదామ్? బకెట్లలో వచ్చిన పచ్చసొనలు ఎవరైనా లెక్కపెడతారా?”

“నేను లెక్కపెట్టను నాయనా, నా కేకులు లెక్కపెడతాయి.” ఆమె వేళ్ళు మడిచింది. “ఏటా మార్చిలో ఎస్టేట్‌లో రెండో ఏడు వైన్ తేటపడాలని దాంట్లో తెల్లసొన పోస్తారు కదా. పీపాకి ఆరు గుడ్లు, నలభై ఎనిమిది పీపాలు. తెల్లసొన వాళ్ళకి, పచ్చసొన నాకు. వాయికి పన్నెండు సొనల చొప్పున కానెలే కేకులు పోస్తే ఇరవై నాలుగు వాయిలు. ఏటా బకెట్టు నాకినట్టు ఖాళీ అవుతుంది. ఈసారి ఇరవై నాలుగు వాయిలూ అయ్యాక అడుగున ఆరు మిగిలాయి.”

“గుడ్డులో రెండు సొనలుంటాయి ఒక్కోసారి.”

“ఒకే పూట అలాంటి గుడ్లు ఆరు పెట్టే కోళ్ళుంటే చెప్పు, ఈ దుకాణం అమ్మేసి వాటిని కొనుక్కుంటాను.”

“ఆ ఆరూ ఏం చేశారు?”

“మా ఆయనకి క్రీము చేసి పెట్టాను. తిని, ఇవాళ మన పెళ్ళిరోజా అనడిగాడు. ముప్పయ్యేళ్ళలో అడగాల్సిన రోజున ఒక్కసారీ అడగలేదు, అడక్కూడని రోజున అడిగాడు.”

బరేర్‌కు నవ్వు రాలేదు. నలభై ఎనిమిది పీపాలకు రెండు వందల ఎనభై ఎనిమిది. ఆరు ఎక్కువ వచ్చాయంటే ఇంకో పీపాకు తెల్లసొన తీశారన్నమాట. నలభై తొమ్మిదో పీపా. ఎస్టేట్‌లో ఎవరూ ఉందని చెప్పని పీపా.

“బకెట్లు ఎవరు తెచ్చారు మదామ్?”

ఆమె ముఖం వాడిపోయింది. “ఎలాదియోనే. సోమవారం ఒంటిగంటకి. పాపం, ఎప్పట్లాగే మా పిల్లికి తోక సవరించి వెళ్ళాడు. ఆ మనిషి హత్య చేశాడంటే నేను నమ్మను.”

నమ్మకం మీద తీర్పులు నడవవు. బరేర్ టోపీ పెట్టుకుని సైకిలెక్కాడు.

*

రెండో ఏడు పీపాల గదిలో కెప్టెన్ వోక్లేర్ అతని కోసమే ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉన్నాడు. గ్రామీణ పోలీసు దళానికి అధికారి, ముప్పయి నాలుగేళ్ళవాడు. బూట్లలో ముఖం చూసుకోవచ్చు. బోర్దో నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు తన కేసులో వేలు పెట్టడం అతనికి మొదటినుంచీ గిట్టలేదు.

“ఏం ఇన్‌స్పెక్టర్ గారూ, కేకులు బాగున్నాయా? హంతకుణ్ణి నేను పట్టుకున్నాను, ఫలహారం మీరు చేస్తున్నారు. పని పంచుకోవడమంటే ఇదే.”

“మీరు పట్టుకున్నది దొరికినవాణ్ణి, కెప్టెన్. చేసినవాణ్ణి కాదు.”

“ఈ వారంతో పని ఆఖరని శనివారం సెగ్లా అతనికి చెప్పేశాడు. సోమవారం సెగ్లా శవాన్ని మొదట చూసింది అతనే. రక్తం అంటిన కొయ్యసుత్తి దొరికింది అతని సంచిలోనే. సుత్తి పిడి మీద అతని గుర్తే చెక్కి ఉంది. ఇంతకంటే ఏం కావాలి మీకు, సెగ్లా లేచొచ్చి వాంగ్మూలం ఇవ్వాలా?”

“గ్లాసు కావాలి,” అన్నాడు బరేర్.

పీపాల మధ్య ఒక మనిషి కదిలాడు. వైన్ గదుల పెద్ద ఆన్సెల్మ్. అరవయ్యెనిమిదేళ్ళు, నలభై పంటలు ఆయన చేతుల మీదుగా పీపాల్లోకి వెళ్ళాయి. తోలు ముందుగుడ్డ కట్టుకుని, గుడ్డతో ఒక్కో బిరడా చుట్టూ తుడుస్తున్నాడు. పోలీసులు వచ్చినా, మేనేజరు పోయినా ఆ తుడవడం ఆగలేదు.

“పెద్దాయనా, ఒక్క గ్లాసెడు తీసి చూపిస్తారా? ఏ పీపాలోంచైనా సరే.”

ఆన్సెల్మ్ కనుబొమలు ముడిపడ్డాయి. “తెల్లసొన పోసి రెండు రోజులు. ఇప్పుడు కదిలిస్తారా ఎవరైనా? మీ నాన్న పీపాలు చేసేవాడని విన్నాను. కొడుక్కి ఇదేనా నేర్పింది?”

“నేర్పాడు. అందుకే అడుగుతున్నాను.”

ముసలాయన గొణుక్కుంటూ బిరడా తీసి, గాజు గొట్టం దించి, గ్లాసులోకి వదిలాడు. బరేర్ దాన్ని కొవ్వొత్తి ముందు పట్టుకున్నాడు. మంట కనిపించలేదు. మజ్జిగ కలిపినట్టు మసకమసకగా ఎర్రటి మడ్డి. ఇంకో పీపా అడిగాడు. అదీ అంతే. మూడోదీ అంతే.

“చూశారా కెప్టెన్? తెల్లసొన గిలకొట్టి పోసి, చీపురు కట్టతో కలియతిప్పితే వైన్ ఇలా అవుతుంది. వైన్‌లో ఉన్న మడ్డినంతా పట్టుకుని అడుక్కి దిగడానికి నెల పైనే పడుతుంది. సోమవారం పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టి పన్నెండింటికి నలభై ఎనిమిది పీపాలూ పూర్తిచేశారు. అవునా పెద్దాయనా?”

“పన్నెండు కొట్టక ముందే,” అన్నాడు ఆన్సెల్మ్.

“పన్నెండింటికి గ్లాసులన్నీ కడిగి బోర్లించారు. శనివారం సాయంత్రం బోర్దో వెళ్ళిన సెగ్లా సోమవారం మూడూ పది రైల్లో దిగాడు. స్టేషను మాస్టరు టికెట్టు తీసుకున్నాడు. నాలుగూ నలభైకి ఎలాదియో శవాన్ని చూశాడు. ఆరింటికి నేను వచ్చాను. శవం పక్క పీపా మీద ఒక గ్లాసు ఉంది. అడుగున గుక్కెడు వైన్. దాంట్లోంచి మీ కొవ్వొత్తి మంట చూశాను కెప్టెన్, వత్తితో సహా. గాజులా తేటగా ఉంది.”

వోక్లేర్ బూటు మడమ నేలమీద ఒకసారి తట్టింది.

“ఆ వైన్ ఈ గదిలోది కాదు. మూడూ పది తర్వాత ఈ గదిలో తేట వైన్ ఒక్క చుక్క కూడా లేదు. అంటే సెగ్లా ఇంకెక్కడో ఇంకో పీపా కనుక్కున్నాడు. అక్కడ చనిపోయాడు. ఎవరో శవాన్ని ఇక్కడికి తెచ్చారు.”

“పచ్చసొనలు కూడా ఆరు ఎక్కువున్నాయట కదా,” అన్నాడు కెప్టెన్ నెమ్మదిగా. “నా మనిషి మీ వెనకే దుకాణం దాకా వచ్చాడు, ఏమనుకోకండి. మీ నలభై తొమ్మిదో పీపా ఉందనే అనుకుందాం. మరి ఆ పచ్చసొనలు బండిలో తీసుకెళ్ళింది ఎవరు? ఎలాదియో. గుడ్లు కొట్టింది ఎవరు? ఎలాదియో, ఈ పెద్దాయన. దొంగ పీపా దాచింది ఎలాదియో, పట్టుకున్నందుకు సెగ్లాను చంపిందీ ఎలాదియో. పని పోతుందన్న కారణం ఒక్కటీ చాలదేమోనని ఇబ్బంది పడుతున్నాను. మీరే తెచ్చి చేతిలో పెట్టారు. చాలా కృతజ్ఞతలు.”

బరేర్ ఎక్కుపెట్టిన బాణం తిరిగొచ్చి ఎలాదియోకే తగిలింది.

“ఒక్క మనిషిని ఇవ్వండి. ఎస్టేట్ అంతా వెతుకుతాను.”

“నా మనుషులు పీపాలు వెతకడానికి లేరు.” వోక్లేర్ చేతి గడియారం చూసుకున్నాడు. “పదికి ఇరవై తక్కువ. పన్నెండింటికి వ్యాను కదులుతుంది. మీ కోసం ఒక్క నిమిషం ఆగదు.”

అతను వెళ్ళాక బరేర్ ఆన్సెల్మ్ వైపు తిరిగాడు. “నలభై తొమ్మిదోది ఎక్కడుంది పెద్దాయనా?”

“ఉంటే నాకు తెలియదా?” అన్నాడు ముసలాయన, గ్లాసులో మిగిలిన మసక వైన్‌ను చుక్క కింద పడకుండా తిరిగి పీపాలోకి వంపుతూ.

*

గంటసేపు ఒక్కడే వెతికి ఏమీ దొరక్క, బరేర్ ఎలాదియోను కూర్చోబెట్టిన పనిముట్ల కొట్టానికి వెళ్ళాడు. గుమ్మం దగ్గర కాపలా ఉన్న జవాను బరేర్‌ను లోపలికి వదిలి, తలుపు తెరిచే ఉంచాడు.

“శవం పక్కన నీ సుత్తి చూసి భయపడి సంచిలో దాచావు. అంతేగా?”

ఎలాదియో తల వంచుకునే ఉన్నాడు. నలభై అయిదేళ్ళవాడు, బక్కపలచటి మనిషి. “దాచాను. బుద్ధిలేక.”

“నీ సుత్తి సోమవారం ఎవరు తీసుకున్నారు?”

ఎలాదియో సంకెళ్ళను మోకాళ్ళ మధ్యకు లాక్కున్నాడు.

“నువ్వు ఎవరినో కాపాడుతున్నావు. అతను నిన్ను కాపాడ్డం లేదు, గమనించావా?”

“ఆయన ఎప్పుడో కాపాడేశాడు మొస్యూ. మనిషి మనిషిని ఎన్నిసార్లు కాపాడాలి?”

బరేర్ సిగరెట్టు వెలిగించి అతని పెదవుల మధ్య పెట్టాడు. ఇక ఇటువైపు తవ్వితే బండ తగులుతుంది. పక్కకు జరిగి తవ్వాలి.

“నలభై మూడులో జర్మన్లు స్పెయిన్ వాళ్ళందర్నీ ఏరి, ఓడరేవు దగ్గర కాంక్రీటు పనికి తోలారు. మా వీధిలో పద్నాలుగు మందిని తీసుకెళ్ళారు. ముగ్గురు తిరిగొచ్చారు. నువ్వు వాళ్ళకి దొరకలేదు.”

“దొరకలేదు.”

“ఎన్నాళ్ళు?”

“పదకొండు వారాలు.”

“చీకట్లో పదకొండు వారాలు. నాకైతే పిచ్చెక్కిపోయేది. రోజు ఎప్పుడు మొదలయిందో, ఎప్పుడు ముగిసిందో ఎలా తెలిసేది నీకు?”

ఎలాదియో కళ్ళు మొదటిసారి పైకి లేచాయి. ఆ ప్రశ్న అతన్ని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు కాబోలు. “మొదట్లో తెలిసేది కాదు. తర్వాత కోతలొచ్చాయి. ఇక బాగుండేది. పొద్దున్నే నెత్తిమీద అడుగులు మొదలయ్యేవి. ఇరవై మంది, ముప్పై మంది. ధన్ ధన్ మని ఒకే తాళం. ఆడవాళ్ళు పాడేవాళ్ళు, మగవాళ్ళు బూతులు కలిపేవాళ్ళు. గోడలో ఒక రాతి కాలువ ఉండేది. దానిలోంచి తియ్యటి రసం బొట్లుబొట్లుగా కారేది. వేలు పెట్టి నాకేవాణ్ణి. ఆ యేడు పంట ఎలా ఉందో ఊళ్ళో అందరికంటే ముందు నాకే తెలిసింది.”

బరేర్ లేచి నిలబడ్డాడు.

నెత్తిమీద అడుగులు. కారే రసం. యుద్ధం రోజుల్లో కరెంటు లేక, మిషన్లు ఆగిపోయి, ఎస్టేట్ వాళ్ళు పాత తొక్కుడు గదినే మళ్ళీ తెరిచారు. ద్రాక్షను కాళ్ళతో తొక్కే రాతి అరుగు ఉన్న గది. పదిహేనేళ్ళుగా మూసి ఉంది.

ఎలాదియో సిగరెట్టు కింద పడిపోయింది. తను ఏం బయటపెట్టాడో అప్పుడర్థమయింది. “మొస్యూ, నేనేం చెప్పలేదు.”

“నువ్వేం చెప్పలేదు,” అన్నాడు బరేర్ గుమ్మం దాటుతూ.

*

పదకొండూ అయిదు. తొక్కుడు గది తాళం తుప్పు పట్టింది కాని, తాళం చెవి దూరే కంతకు నూనె రాసి ఉంది. బరేర్ కొట్టంలోంచి తెచ్చుకున్న గునపంతో కొండీ ఊడబీకి లోపలికి అడుగు పెట్టాడు.

గదంతా దుమ్ము. ఒక్కచోట లేదు. గుమ్మం నుంచి రాతి అరుగు మూల దాకా నేల కడిగారు. కడిగిన నేల అంచున, నీళ్ళు అందని దుమ్ములో, చక్రాల జాడ ఒకటి ఉంది. పీపాలు తోసే చేతిబండి జాడ. లోపలికి వచ్చేటప్పుడు సన్నగా, బయటికి వెళ్ళేటప్పుడు లోతుగా.

బరేర్ గునపం మొనతో నేలను తట్టుకుంటూ నడిచాడు. చిన్నప్పుడు తండ్రి కళ్ళు మూసి, పీపా మీద తట్టి, ఎంత నిండిందో చెప్పమనేవాడు. తప్పు చెబితే చెవి మెలి పడేది. ఇప్పుడా చెవే పనికొచ్చింది. టక్, టక్, టక్. పాత బుట్టల గుట్ట దగ్గర చప్పుడు మారింది. డుబ్.

బుట్టలు నెట్టాడు. మందపాటి ఓక్ చెక్క తలుపు, నేలతో సమంగా. గునపంతో ఎత్తాడు. రాతిమెట్లు. మూడో మెట్టు అంచున చెయ్యంత మరక, గోధుమ రంగు. ఇదే చోటు. సెగ్లా ఇక్కడే పడ్డాడు.

లైటరు వెలిగించి దిగాడు. కింద చిన్న గది, నడుం వంచితేనే పట్టేంత ఎత్తు. మూలన తుప్పు పట్టిన మంచం చట్రం. గోడలో మోచెయ్యంత కంత, పైనుంచి రసం దిగే కాలువ. మధ్యలో దుంగల మీద ఒకే ఒక్క పీపా.

నలభై తొమ్మిదోది.

ఇంత శుభ్రమైన పీపాను బరేర్ ఆ ఎస్టేట్‌లో చూడలేదు. ఇనుప పట్టీలు తళతళలాడుతున్నాయి. బిరడా చుట్టూ తెల్లటి నురగ అట్టకట్టి ఎండిపోయింది. బిరడా తీసి, పక్కనే వేలాడుతున్న గొట్టం ముంచి, అరచేతిలోకి వదిలి లైటరు దగ్గర పెట్టాడు. మసక. ఇందులోనూ తెల్లసొన పోశారు.

సెగ్లా తాగింది తేట వైన్. అంటే అతను బతికున్నంతసేపూ ఈ పీపాలో తెల్లసొన పడలేదు. మనిషిని కొట్టి చంపి, శవాన్ని బండిలో తోసుకెళ్ళి పడేసి, రక్తం కడిగి, మళ్ళీ ఇక్కడికే వచ్చి, దాచి ఉంచిన ఆరు తెల్లసొనల్ని గిలకొట్టి పోశాడు. ఎందుకంటే అవి మర్నాటిదాకా నిలవుండవు. పచ్చసొనలు పారేయడానికి చెయ్యి రాలేదు కనక కేకులకు పంపాడు. చచ్చినవాడి గ్లాసులో గుక్కెడు వైన్ పారబోయడానికి చెయ్యి రాలేదు కనక అలాగే తెచ్చి పీపా మీద పెట్టాడు. ఒక్క చుక్క పారేయలేని మనిషి.

పొద్దున గ్లాసులో మిగిలింది తిరిగి పీపాలోకి వంపిన మనిషి.

పైన తలుపు ధడాలున పడింది. వెంటనే బరువైనదేదో గుమ్మం వైపు నుంచి దొర్లుకుంటూ వచ్చి దానిమీద ఆగింది. ఆ దొర్లుడు వినగానే బరేర్‌కు తెలిసిపోయింది. నిండు పీపా. కింద నుంచి నలుగురు నెట్టినా కదలదు.

“పీపాలవాడి కొడుకా,” అంది గోడలోని కాలువ. “నువ్వు రాకుండా ఉండాల్సింది.”

“ఆన్సెల్మ్. తలుపు తెరువు.”

“చూశావా దాన్ని?”

“చూశాను. ఎక్కడిది?”

గొంతు వచ్చింది, చెప్పుకోవడానికి ఒక్క మనిషైనా దొరికాడన్నట్టు. “ఏటి ఒడ్డు మడిలోది. మా తాత రోజుల్లో వేరుపురుగు వచ్చి దేశంలో తోటలన్నీ ఎండిపోతే, అందరూ తీగలు పీకేసి అమెరికా వేళ్ళ మీద అంటు కట్టుకున్నారు. మా తాత ఆ ఒక్క మడిని మాత్రం వదల్లేదు. ఏటా చలికాలం నలభై రోజులు ఏటినీళ్ళు నిలగట్టి పురుగును ముంచి చంపాడు. తర్వాత మా నాన్న, ఆ తర్వాత నేను. అంటు లేని తీగలు, వాటి వేళ్ళు వాటివే. యాభై ఆరులో మంచు పడి మొదళ్ళు పగిలిపోయాయి. సెగ్లా పీకేయమన్నాడు. పీకేశానని చెప్పాను. నాలుగు వరసలు ఉంచాను. అమెరికా వేళ్ళ మీది తీగైతే కింద నుంచి అడవి చిగురు వేస్తుంది. ఇవి వేసింది అసలు చిగురే. రెండేళ్ళకి కాసింది. ఒక్క పీపా వచ్చింది.”

“అది సెగ్లా కనిపెట్టాడు.”

“నా వెనకే వచ్చాడు. రుచి చూశాడు. బాగుందన్నాడు. మిగతావాటికి కాస్త బలం వస్తుంది, ఆ నలభై ఎనిమిదింటిలో పంచి కలిపెయ్ అన్నాడు. కలిపెయ్ అన్నాడు. కల్లు కలిపినట్టు. చేతిలో సుత్తి ఉంది.”

“ఎలాదియో సుత్తి. అతన్ని పన్నెండింటికి తీసుకుపోతున్నారు.”

“సాక్ష్యం చాలదని బోర్దోలో వదిలేస్తారు.”

“వదలరు. తల తీస్తారు. నలభై మూడులో నువ్వు దాచిన తలే.”

పైన అగ్గిపుల్ల గీసిన చప్పుడు. కాలువలో నీలం మంట వెలిగింది. ఆ వాసన బరేర్‌కు పుట్టినప్పటినుంచీ తెలుసు. గంధకం వత్తులు. ఖాళీ పీపాలకు పురుగు పట్టకుండా లోపల వెలిగించేవి. పీపాలో ఒక్క వత్తి చాలు. ముసలాయన కట్టకట్ట వెలిగించి కాలువలోకి తోశాడు, చెయ్యి అందనంత దూరంలో.

గొంతులో సూదులు దిగినట్టయింది. కళ్ళలోంచి నీళ్ళు ధారకట్టాయి. బరేర్ మెట్లెక్కి భుజంతో తలుపును నెట్టాడు. కదల్లేదు. కేకలేశాడు. ఆ గోడల మందం దాటి ఏ కేకా పోదు. కోటు విప్పి కాలువలో కుక్కాడు. సందుల్లోంచి పొగ వస్తూనే ఉంది. లైటరు వెలుగులో గడియారం చూసుకున్నాడు. పన్నెండుకు పద్దెనిమిది నిమిషాలు తక్కువ.

చేతిలో గునపం ఉంది. ఎదురుగా పీపా ఉంది.

మెట్లు దిగి, గునపం మొన పీపా ముఖం మీద, నడి చెక్క అంచున ఆనించాడు. ఎక్కడ కొడితే ఒక్క దెబ్బకు చెక్క లోపలికి పోతుందో తండ్రి నేర్పాడు. కోటు పక్కకు లాగి కాలువలోకి అరిచాడు.

“ఆన్సెల్మ్, విను.” గునపంతో మెల్లగా తట్టాడు. టక్. “ఎక్కడ తడుతున్నానో తెలుస్తోందా?”

పైన అడుగులు ఆగాయి.

టక్. ఈసారి గట్టిగా. “నడి చెక్క. ఇంకో దెబ్బకి విరుగుతుంది. నేనెలాగూ పోతాను. దీన్ని మట్టి తాగుతుంది. మీ తాతా, మీ నాన్నా నిలగట్టిన నీళ్ళన్నీ ఈ మట్టిలోకే పోతాయి. లెక్కపెడుతున్నాను. ఒకటి.”

“నీకు చేతులు రావు. పీపాలవాడి కొడుకువి.”

“రెండు.”

పైన నిండు పీపా దొర్లింది. తలుపు లేచింది. వెలుతురుతోపాటు ముసలాయన మెట్లమీద నుంచి దాదాపు పడిపోతూ దిగి, రెండు చేతులూ చాచి పీపాకు అడ్డం నిలబడ్డాడు. ఆయన బరేర్ వైపు చూడను కూడా లేదు. అరచేత్తో ఆ నడి చెక్కను తడుముతున్నాడు, పగులు ఉందేమోనని.

బరేర్‌కు ఊపిరి లేదు. నాలుగు కాళ్ళ మీద మెట్లెక్కి, పై నేల మీద బోర్లా పడి, గాలి మింగాడు. వెనక్కి తిరిగి చెయ్యి చాచాడు.

“పైకి రా పెద్దాయనా. వచ్చి ఒక్క మాట చెప్పు. ఎలాదియో బతుకుతాడు.”

ఆన్సెల్మ్ తలెత్తాడు. ఆ పొగలో కూడా ముఖం ప్రశాంతంగా ఉంది. “నేను పైకొస్తే దీన్ని ఎవరు చూస్తారు? మీ మేజిస్ట్రేటా?” అన్నాడు. చెయ్యెత్తి తలుపును లాక్కున్నాడు. లోపలి గడియ పడింది. తర్వాత ముందుగుడ్డ జేబు తడుముకున్న అలికిడి, ఇంకో అగ్గిపుల్ల చప్పుడు.

బరేర్ గునపం కిందే ఉండిపోయింది. తలుపు అంచుకు గోళ్ళు కూడా పట్టలేదు. ఎలాదియోను విడిపించగల ఒకే ఒక్క నోరు ఆ చెక్క కింద మూతపడబోతోంది.

పరుగెత్తాడు. అంగణంలో వ్యాను ఇంజను అప్పటికే మోగుతోంది. వెనక తలుపు దగ్గర ఎలాదియో ఒక కాలు పైకి పెట్టి ఉన్నాడు. వోక్లేర్ గడియారం చూసుకుంటున్నాడు.

“తొక్కుడు గది,” అన్నాడు బరేర్, గొంతు చీలిపోతుండగా. “కింద ఆన్సెల్మ్. ఒప్పుకున్నాడు. లోపల గడియ వేసుకుని గంధకం వెలిగించుకున్నాడు. గొడ్డళ్ళు తెప్పించండి.”

వోక్లేర్ అతని కళ్ళవైపు చూశాడు. ఉడికించినట్టు ఎర్రగా, నీళ్ళు కారుతూ. చొక్కా నిండా గంధకం కంపు. వ్యంగ్యమాడబోయిన నోరు మూతపడింది. “గొడ్డళ్ళు,” అని జవాన్ల వైపు అరిచాడు.

“గొడ్డళ్ళకి లొంగదు,” అన్నాడు ఎలాదియో.

అందరూ తిరిగారు. రెండు రోజుల్లో ఎవరూ అడక్కుండా అతను మాట్లాడిన మొదటి మాట అది.

“ఆ తలుపు చెక్క జానెడు మందం. ఆ గడియ నేనే బిగించాను, జర్మన్లు పగలగొట్టలేకుండా. అరగంట పడుతుంది. ఆయనకి అరగంట లేదు. ఇంకో దారి ఉంది. బావి లోపల, నీళ్ళకి రెండు బారల పైన, రాళ్ళు పేర్చి మూసిన సొరంగం. నాకు అన్నం అటునుంచే మోకు కట్టి దించేవాడు. నేనొక్కణ్ణే పడతాను. చేతులు విడిగా ఉంటేనే.”

సంకెళ్ళతో ఉన్న చేతులు కెప్టెన్ ముందుకు చాచాడు.

“పారిపోతే?” అన్నాడు వెనక నుంచి ఒక జవాను.

వోక్లేర్ బరేర్ వైపు ఒక్క క్షణం చూశాడు. జేబులోంచి తాళం చెవి తీశాడు. మొదటిసారి కంతలో దూరలేదు. రెండోసారి తిరిగింది. సంకెళ్ళు రాళ్ళమీద గలగలమని పడ్డాయి.

ఎలాదియో అప్పటికే బావి వైపు పరుగెడుతూ, పరుగులోనే కోటు విప్పి పారేస్తున్నాడు. అతని వెనక, మోకు భుజాన వేసుకుని, బూట్లు బురదలో జారుతున్నా ఆగకుండా, కెప్టెన్ వోక్లేర్.